పసుపు ఎర్రబడిన గడప: జార్జిటౌన్‌లో ఒక జంట రెక్కల తలుపు

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక ఫోను వచ్చింది. "మా అమ్మగారు గడపకు పసుపు రాస్తే ఎర్రబడుతోంది. అదీ సగం గడప మాత్రమే. రెండో సగం మామూలుగానే ఉంటోంది. మీరు పాత తలుపులు బాగుచేస్తారని విన్నాం. ఒకసారి వచ్చి చూస్తారా?"

ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. చెదలు పట్టిందని పిలుస్తారు, వానకు ఉబ్బి మూతపడటం లేదని పిలుస్తారు, రంగు పెచ్చులు లేస్తోందని పిలుస్తారు. గడప పారాణి పెట్టుకుందని పిలవడం ఇదే మొదటిసారి. పురోహితుణ్ణి అడగకుండా నన్నెందుకు అడిగారో తర్వాత తెలిసింది. ఆయన్ని అడిగారట. ముందు వడ్రంగిని అడగమన్నది ఆయనేనట. ఆ మనిషికి ఇక్కడినుంచే ఒక నమస్కారం.

జబ్బేమిటో ఫోనులోనే సగం అర్థమైంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది, నీళ్ళలో కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవుతాయి. పసుపుకు క్షారం తగిలితే ఆ రంగు వస్తుంది. గడపకు సున్నం రాసేవాళ్ళు లేరు కాబట్టి ఆ చెక్కలోకి ఇంకేదో క్షారం దిగి ఉండాలి. పాత తలుపుల దగ్గర ఆ ఇంకేదో దాదాపు ఎప్పుడూ కాస్టిక్ సోడాయే.

ఇల్లు చెన్నైలో తంగశాల వీధికి అడ్డంగా పోయే ఒక సందులో ఉంది. దొరలు బ్లాక్ టౌన్ అని పిలిచి, 1911లో చక్రవర్తి పేరు తగిలించి జార్జిటౌన్ చేసిన ఆ పేటలో, తెలుగు వర్తకుల ఇళ్ళు ఇంకా కొన్ని నిలిచే ఉన్నాయి. వీధి వైపు అరుగు, అరుగు మీద రెండు స్తంభాలు, ఆ వెనక ద్వారబంధం. తలుపు ఏడడుగుల ఎత్తు, రెండు రెక్కలు, ఒక్కో రెక్క రెండడుగుల వెడల్పు. ఒక్కో రెక్కకు నాలుగు పలకలు. పైకమ్మి మీద గజలక్ష్మి చెక్కడం, దానిపైన రంగు గాజు ముక్కలు బిగించిన చిన్న కిటికీ. కట్టించి వందేళ్ళు అవుతోందని ఇంటాయన చెప్పారు. రంగూన్ నుంచి ఓడల్లో టేకు దుంగలు ఈ రేవులో దిగిన రోజులవి. అందులో సందేహించడానికి ఏమీ కనిపించలేదు.

ఎడమ రెక్క ముదురు గోధుమ రంగు ఎనామెల్‌తో మందంగా ఉంది. కుడి రెక్క రంగు వలిచి వార్నిష్ వేసి ఉంది. కాని ఆ వార్నిష్ కింది రెండడుగులలో బొబ్బలు పొంగి తెల్లపొడి రాలుతోంది. వేలితో రుద్ది చూస్తే చెక్క పైన సన్నని నూగు లేచి ఉంది. టేకుకు ఉండవలసిన తేనె రంగు పోయి, కాచిన చింతపండు రసంలా నల్లబడింది. అక్కడక్కడా ఆవగింజంత నల్లమచ్చలు.

కథ ఇది. సముద్రం ఒడ్డు రోడ్డులో ఒక హోటలు గుమ్మం చూసి, తమ తలుపుకూ టేకు కనబడాలని ఇంటాయనకు కోరిక పుట్టింది. కిందటి ఎండాకాలం ఒక గుత్తేదారు వచ్చాడు. కాస్టిక్ సోడాను మైదా గంజిలో కలిపి, రెక్కను బందుల మీద నిలబెట్టే రెండు వైపులా పూశాడు. మర్నాడు రబ్బరు గొట్టంతో కడిగాడు, మొండి రంగును ఉక్కు పీచుతో రుద్దాడు. ఒక రోజు ఎండబెట్టి వార్నిష్ వేశాడు. మూడు రోజుల్లో పని అయింది. మొదట చాలా బాగుందట. రెండో రెక్క దీపావళి తర్వాత అనుకున్నారు. ఈలోగా ఈశాన్య రుతుపవనం వచ్చింది, కార్తీకంలో బొబ్బలు లేచాయి, గుత్తేదారు ఫోను ఎత్తడం మానేశాడు. కడిగిన నీళ్ళు కారి గడప కుడిసగం మీద ఉన్న పెయింటు కూడా ఊడిపోయింది. చెక్క బయటపడిన ఆ సగానికి సంక్రాంతినాడు మామ్మగారు అసలు పసుపు రాశారు. ఆవిడ కళ్ళముందే అది ఎర్రబడింది.

అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. నూనె రంగును కరిగించడానికి కాస్టిక్‌ను మించిన చవక సాధనం లేదు. రంగులోని నూనెను అది సబ్బుగా మార్చేస్తుంది. ఇంట్లో నూనెతో సబ్బు చేసేటప్పుడు జరిగేదే తలుపు మీదా జరుగుతుంది. అందుకే తొమ్మిది పొరలు ఒక్క రాత్రిలో పాయసం అయిపోతాయి. చిక్కు తర్వాత మొదలవుతుంది. చెక్క ఆ నీళ్ళను తాగుతుంది. నిలువు పట్టెల అడుగున, కుసి, అంటే పట్టె చివర నాలుకలా చెక్కిన కొన, గాడిలో దిగే చోట, మొన చెక్క, అంటే ఈనెలు అడ్డంగా తెగిన చివర, స్పంజిలా పీల్చుకుంటుంది. పైన కడిగితే లోపలిది పోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి అది చాకలి సోడాగా మారుతుంది. అదీ క్షారమే. చెన్నైలో వాన పడ్డప్పుడల్లా ఆ సోడా కరిగి పైకి వస్తుంది, ఆరినప్పుడు వార్నిష్ కింద గడ్డకట్టి దాన్ని నెడుతుంది. పైగా వార్నిష్‌లోనూ నూనె ఉంది. కాస్టిక్ తన పాత పని మళ్ళీ మొదలుపెట్టి దాన్నీ సబ్బు చేస్తుంది.

లిట్మస్ కాగితం లాంటి, అంకెల రంగుపట్టీ ఉన్న పి.హెచ్. కాగితాలు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. అంకె 7 దాటితే క్షారం, 7కు తగ్గితే పులుపు. తడిపి అద్దితే కుడి రెక్క అడుగు పట్టె దగ్గర 11 చూపింది, నడుము ఎత్తులో 9. ఎడమ రెక్క మీద గోరంత చోట రంగు గీకి చూస్తే 6కు దగ్గర. ఒకే దుంగలోంచి కోసిన రెండు రెక్కలు, ఒకే ద్వారబంధంలో, ఒకే వానకు తడుస్తూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఇంతకంటే స్పష్టమైన పోలిక నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ముందు ఎడమ రెక్క సంగతి. దాని మీద ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు.

రంగు వలిచే ముందు పొరలు లెక్కపెట్టడం నా అలవాటు. పదునైన బ్లేడుతో ఏటవాలుగా చిన్న గంటు పెట్టి, దాన్ని సన్నని గరుకు కాగితంతో తడిగా రుద్దితే పొరలు చెట్టు వలయాల్లా విడివిడిగా కనిపిస్తాయి. ఈ ఊరి పెయింటర్లు గరుకు కాగితాన్ని ఉప్పుత్తాళ్ అంటారు. మా కుర్రాళ్ళకూ అదే మాట అలవాటైంది. పదింతలు పెంచి చూపే భూతద్దం కింద తొమ్మిది పొరలు లెక్కకు వచ్చాయి. పైన రెండు గోధుమ, తర్వాత చాక్లెట్, మూడు ఆకుపచ్చలు, రెండు బూడిద రంగులు, అన్నిటికన్నా కింద తెల్లని మొదటి పూత. లోపలి వైపు ఆ తెల్లపూత కింద ఒక పారదర్శకమైన ఎర్రటి పొర కూడా ఉంది. దూదికి స్పిరిట్ తడిపి అద్దితే అది జిగటగా కరిగింది. అంటే లక్క పాలిష్. వీధి వైపు అది లేదు, చెక్క నూనె పీల్చిన జాడ మాత్రం ఉంది. మొదట కట్టినవాళ్ళు లోపలికి లక్క, బయటికి నూనె వాడారన్నమాట. ఆఖరి పూత ఏది వెయ్యాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది.

తర్వాత సీసం పరీక్ష. పాత తెల్లపూత అంటే సీసపు తెలుపు అని అనుమానించడమే క్షేమం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం., అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదన్న నియమం 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు డబ్బాల్లో ఏముందో డబ్బా చెప్పదు. సీసం తగిలితే గులాబి రంగుకు తిరిగే పుల్లలు దొరుకుతాయి. ఎరుపు రంగు మీద అవి మోసం చేస్తాయి, ఎందుకంటే ఆ రంగే పుల్లకు అంటుకుంటుంది. అందుకని పెచ్చులు ప్రయోగశాలకు కూడా పంపాను. తెల్లపూతలో సీసం ఉంటుందని ఊహించాను, ఉంది. నేను ఊహించనిది గడప. ఎడమసగం మీద ఏటా వేసిన పసుపు ఎనామెల్ పొరల్లో తెల్లపూతలోకంటే ఎక్కువ సీసం తేలింది.

ఆలోచిస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. నిండు పసుపు రంగు ఎండకు వెలవకుండా ఉండాలంటే పాతరోజుల్లో లెడ్ క్రోమేట్ కలిపేవారు. మనవాళ్ళు రోజూ పసుపు రాసే ఓపిక లేక గడపకు పసుపు పెయింటు, దాని మీద ఎర్ర పెయింటుతో బొట్లు వెయ్యడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. తెలుగువాళ్ళ ఇళ్ళలో పసిపిల్లలు ముందు చెయ్యి వేసేది గడప మీదే. పాకడం వచ్చాక పట్టుకు నిలబడేదీ అక్కడే. గడప దాటితే గారెలు కూడా వండుతాం కదా! ఈ ఇంట్లో ఏడాదిన్నర వయసున్న మునిమనవరాలు ఉంది. రంగు పని సంగతి పక్కనపెట్టి, ముందు పాప రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించమని చెప్పాను. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, పైకి ఏ గుర్తూ కనబడదు. పని జరిగినన్నాళ్ళూ పాపనూ తల్లినీ పుట్టింటికి పంపారు.

ఇక ఎలా వలవాలి? కాస్టిక్ మాట ఎత్తనక్కర్లేదు. మిషను పెట్టి రుద్దితే సీసం ధూళిగా ఇల్లంతా పరుచుకుంటుంది, చెక్క అంచుల పదును కూడా పోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఘాటైన పెయింట్ రిమూవర్లలో ఎక్కువగా ఉండేది డైక్లోరోమీథేన్. అది 40 డిగ్రీలకే మరుగుతుంది. చెన్నై ఎండాకాలం మధ్యాహ్నం అదే వేడి. డబ్బా మూత తీస్తే ముఖం మీదికి చిమ్ముతుంది, పూసింది పని చెయ్యకముందే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి మూసిన గదిలో నేలబారున పేరుకుంటుంది. ఒంట్లోకి వెళితే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో మామూలు జనానికి అమ్మే రంగు రిమూవర్లలో దీన్ని 2019లోనే నిషేధించారు. మా షెడ్డులో అది లేదు.

మిగిలింది వేడిగాలి, స్క్రేపర్, ఓపిక. హీట్ గన్‌ను 350 డిగ్రీల దగ్గర ఉంచుతాం. చాలా యంత్రాల్లో పై మెట్టు 600 దాకా పోతుంది. ఆ మెట్టు వాడకూడదు. 590 దాటితే సీసం పొగగా లేస్తుంది, ఆ పొగను కంటితో చూడలేం. అంతకు చాలా ముందే టేకు మాడుతుంది. ముక్కుకు ధూళినీ రసాయన ఆవిరినీ రెండింటినీ ఆపే జంట కార్ట్రిడ్జ్ మాస్కు, కింద మందపు ప్లాస్టిక్ పట్టా, పక్కన నీళ్ళ బకెట్. పని బట్టలు ఇంటికి పోవు, షెడ్డులోనే విడిగా ఉతుకుతాం. సాయంత్రం ఆపడానికి గంట ముందే హీట్ గన్ కట్టేస్తాం. పాత తలుపు గాడుల్లో వందేళ్ళ దుమ్ము, పిచ్చుక ఈనెలు ఉంటాయి. అందులో పడ్డ నిప్పు రాత్రి పదింటికి లేస్తుంది.

లోపలి వైపు పని హాయిగా సాగింది. లక్క 75 డిగ్రీలకే మెత్తబడుతుంది. దాని మీద కూర్చున్న తొమ్మిది పొరల రంగు, పట్టు జారి, తాటిముంజె పొరలా పొడుగ్గా లేచి వచ్చింది. వీధి వైపు ఆ అదృష్టం లేదు. తెల్లపూత చెక్క రంధ్రాల్లోకి దిగిపోయింది. ఇత్తడి కుంచెతో, స్పిరిట్‌తో కొంత వచ్చింది, కొంత రాలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఈనెల వెంట తెల్లటి సన్నగీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకా లోతుకు పోవాలంటే చిత్రిక పట్టాలి. చిత్రిక పడితే ఉలి గుర్తులు పోతాయి. అడ్డపట్టె మీద ఆనాటి వడ్రంగి కొలతకు గీసుకున్న గీత ఒకటి స్పష్టంగా ఉంది. దాన్ని పోగొట్టుకుని తెల్లగీతలు తీయించుకోవడం నాకు నష్టపు బేరంగా తోచింది. మాతో పనిచేసే ఆచారిగారు ఆ గీతను చూసి, తనూ అలాగే గీస్తానని మురిసిపోయారు. పలకల చదునైన చోట్ల ఆయన వాడింది పగలగొట్టిన కిటికీ గాజు పెంకు. గాజు అంచు తీసినంత పలుచటి పొరను నా ఖరీదైన స్క్రేపర్ ఏదీ తియ్యలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పైకమ్మి దగ్గర పని చేస్తూ, వేడిగాలి మూతి గాజు కిటికీ వైపు తిరిగిందని గమనించలేదు. టిక్కుమని చప్పుడైంది. నీలం గాజు ఒకటి మూలనుంచి మూలకు చీలింది. తడి గుడ్డ చుట్టిన అట్ట అడ్డం పెట్టడం ఆరోజు పొద్దున నేనే మా కుర్రాడికి నేర్పాను! అలాంటి నీలం ఇప్పుడు దొరకదు. ఆ ముక్కను తియ్యకుండా, చీలికలో పల్చని జిగురు నింపి అక్కడే ఉంచాం. ఇంటాయన ఏమీ అనలేదు. బిల్లులో ఆ రోజు కూలి నేను రాయలేదు.

గజలక్ష్మి దగ్గరికి వేడి తీసుకువెళ్ళలేదు. ఏనుగుల తొండాలు వేలంత సన్నం. అక్కడ బెంజైల్ ఆల్కహాల్ ఉన్న జెల్లు పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, మర్నాటిదాకా వదిలాం. అది నిదానమైన మందు, కంపు తక్కువ. మెత్తబడ్డ రంగును వెదురు పుల్లలతో, పళ్ళ డాక్టరు పడేసిన కొక్కేలతో తీశాం. మూడో రోజున ఆకుపచ్చ పొరల కింద మరో రంగు తగిలింది. అమ్మవారి చీర మడతల్లో ఎరుపు, తామర రేకుల అంచున పచ్చ. తెల్లపూత దీనికి పైన ఉంది, చెక్క దీనికి సరిగ్గా కింద ఉంది. తలుపు రెక్కలను లక్క, నూనెలతో వదిలిన రోజునే చెక్కడానికి మాత్రం రంగులు వేశారన్నమాట. ఇంటాయన కోరింది టేకు. అక్కడ టేకు ఏనాడూ బయటికి కనబడింది కాదు. ఆయనకు భూతద్దం ఇచ్చి చూపించాను. చాలాసేపు చూసి, హోటల్లో ఇలా లేదు కదా అన్నారు. అక్కడా ఉండే ఉంటుందని, ఎవరో ఊడగొట్టి ఉంటారని చెప్పాను. మామ్మగారు మాత్రం స్టూలు తెప్పించుకుని ఎక్కి చూసి, "అమ్మవారు చీరతోనే ఉంది, అలాగే ఉండనీ" అన్నారు. పని అక్కడ ఆగింది. ఊడిన చోట్ల కొత్త రంగు నింపలేదు.

ఎడమ రెక్క అడుగున రెండు పలకలు ఇంకో ముచ్చట చెప్పాయి. రంగు లేవగానే కింద టేకు బదులు పచ్చటి చెక్క కనిపించింది. పనస. వాటి మీద తొమ్మిది పొరలు లేవు, ఐదే ఉన్నాయి. నాలుగు రంగులు పడ్డాక ఎప్పుడో పలకలు పాడై మార్చారు. మామ్మగారిని అడిగితే, తాను కాపురానికి వచ్చేసరికే అవి అలా ఉన్నాయని, ఒకసారి గడప దాటి వాననీరు వచ్చిందని అత్తగారు చెప్పేవారని అన్నారు. ఇంటాయన వాటిని తీయించి పాత టేకు వేయించమన్నారు. ఈ ఒక్కచోట నేను కాస్త గట్టిగానే వాదించాను. ఆ పలకలు గాడిలో ఇప్పటికీ బిగువుగా, ఒక్క పురుగు రంధ్రం లేకుండా ఉన్నాయి. వాటిని తియ్యాలంటే కొయ్య చీలలు ఊడగొట్టి కుసులు కదపాలి. బాగున్న కీలు విప్పడం నాకు చేతకాని పని కాదు, ఇష్టంలేని పని. చివరికి, లక్కలో కాస్త రంగు కలిపి ఆ పలకలను టేకుకు దగ్గరగా తెస్తానన్న ఒప్పందం మీద ఆయన దిగివచ్చారు. వెలుతురులో చూస్తే తేడా తెలుస్తుంది. తెలియాలి కూడా.

ఎడమ రెక్క, పైకమ్మి, ద్వారబంధం కలిపి ఇద్దరు మనుషులకు పద్దెనిమిది రోజులు పట్టింది. తీసిన రంగు పెచ్చులు దాదాపు 5 కిలోలు తూగాయి. అవి చెత్తబుట్టలోకి పోవు, మూత బిగించిన డబ్బాలో సీసం అని రాసి మిగతా ప్రమాదకర వ్యర్థాలతో పాటు పంపుతాం.

కుడి రెక్కకు వలిచేందుకు రంగు లేదు, అయినా దానికే ఎక్కువ శ్రమ అయింది. బందులు విప్పి షెడ్డుకు తెచ్చాం. అంచు బద్దలు చేతిలోకి ఊడి వచ్చాయి. వాటిని పట్టి ఉంచిన జంతువుల జిగురును, ఈ ఊరి వడ్రంగులు వజ్జిరం అనేదాన్ని, కాస్టిక్ తినేసింది. కుసులకు జిగురు లేదు, కొయ్య చీలలే. అందుకే రెక్క మూలమట్టం చెడలేదు.

పాడైన వార్నిష్ తీసేసి, మొదట మంచినీళ్ళతో కడిగాం. తర్వాత తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్ళు కలిపి, కుంచెతో, ముఖ్యంగా మొన చెక్క మీద పట్టించాం. పులుసు తగిలితే క్షారం విరుగుతుంది, నిజమే. కాని విరిగినప్పుడు అక్కడే ఒక లవణం పుడుతుంది. అది కడిగిపోకపోతే మళ్ళీ తెల్లపొడిగా తేలి, కొత్త పూతను నెడుతుంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, వెనిగర్ కొట్టగానే పని అయిపోయిందనుకుంటారు. మేము ప్రతి విడతకూ మళ్ళీ శుద్ధజలంతో కడిగి, తడిపిన కాగితపు గుజ్జును అడుగు పట్టె చుట్టూ పట్టీలా కట్టి నీడన ఆరనిచ్చాం. గుజ్జు ఆరుతూ చెక్క లోపలి లవణాన్ని తన వైపు లాక్కుంటుంది. ఊడదీసిన గుజ్జు ఉప్పుచేప తొక్కలా గట్టిపడి వచ్చేది.

పి.హెచ్. కాగితాలు రెండో వారానికే అయిపోయాయి. అప్పుడు తట్టింది, ఈ ఇంట్లో జబ్బు కనిపెట్టింది కాగితం కాదు కదా అని. పల్చని నూలుగుడ్డను పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టాం. తడి చెక్క మీద ఆ గుడ్డ పరిచి అరచేత్తో అదిమితే, క్షారం ఉన్న చోట్లన్నీ ఎర్రగా అచ్చుపడేవి. కాగితం ఒక చుక్క దగ్గర అంకె చెబుతుంది. పసుపు గుడ్డ రెక్క మొత్తానికీ పటం గీసి ఇస్తుంది. మొదటి గుడ్డ మీద అడుగు భాగమంతా ఎరుపే. రెండో విడతకు అది కుసుల చుట్టూ నాలుగు మరకలకు తగ్గింది. మూడో విడత తర్వాత చెక్క బాగుందనుకున్నాం. పది రోజులు ఎండాక మళ్ళీ తడిపి చూస్తే రెండు మరకలు తిరిగి వచ్చాయి, లోపలినుంచి పైకి ఎక్కాయి. నాలుగో విడతకు గుడ్డ పచ్చగానే ఉంది. ఏడు వారాలు పట్టింది. ఆ గుడ్డలు నాలుగింటినీ వరసగా షెడ్డు గోడకు మేకులు కొట్టి ఉంచాను. కాస్టిక్ వాడమని అడిగేవాళ్ళకు చూపించడానికి పనికొస్తాయి.

నల్లమచ్చలు ఉక్కు పీచు పెట్టినవి. పీచు తుంపులు తడి చెక్కలో చిక్కుకుని, చెక్కలోని వగరుతో కలిసి సిరాలా నల్లబడ్డాయి. వాటిని తీసేది ఆక్జాలిక్ ఆమ్లం. విషం అది, చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు. క్షారం పూర్తిగా పోయాకే దాన్ని వాడాం, వాడాక మళ్ళీ మూడుసార్లు కడిగాం. మచ్చలు పోయాయి, చింతపండు నలుపు కూడా చాలావరకు విరిగింది. నూగును మాత్రం 180, తర్వాత 240 నంబరు కాగితంతో చేత్తో తియ్యక తప్పలేదు. ఆ రెక్క ఎడమ రెక్కకంటే ఒక వెంట్రుక పలచబడింది. పక్కపక్కన నిలబెడితే రంగులో ఒక ఛాయ తేడా ఉంది. పాలిష్‌తో దాన్ని దాచగలను, కాని దాచలేదు. రెక్కకు పట్టిన కూలి ఎడమ రెక్కకు పట్టినదానికి ఇంచుమించు రెండింతలు. గుత్తేదారుకు ఇచ్చింది వేరే.

ఆఖరి పూత విషయంలో ఇంటాయన పి.యు., అంటే పాలీయురేతేన్ పూత, అడిగారు. ఎండకూ వానకూ తట్టుకుంటుంది, మెరుస్తుంది, ఆ మాట నిజం. అది పాడైన రోజున మాత్రం అతుకు వెయ్యడం కుదరదు, మొత్తం మళ్ళీ వలవాలి. కుడి రెక్కలో ఏ మూలనైనా లవణం మిగిలి ఉంటే అది పి.యు. కింద చిక్కుకుని మళ్ళీ బొబ్బ లేపుతుంది. అందుకని తలుపు తొలినాళ్ళలో ఉన్నట్టే లోపల లక్క పాలిష్, వీధి వైపు టర్పెంటైన్‌తో పలుచన చేసిన ఉడికించిన అవిసె నూనె. నూనె పల్చగా నాలుగు పూతలు, ప్రతి పూతనూ అరగంటలో పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే చెన్నై ఉక్కలో అది ఆరక జిగటగా ఉండిపోయి బూజు పడుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మేము నీళ్ళలో ముంచి తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేస్తాం. ఈ పూత ఏటా ఒకసారి, ఒక పూట పనితో, ఇంటివాళ్ళే వేసుకోవచ్చు.

గడప మిగిలింది. గోడలోకి కట్టేసి ఉంది కాబట్టి దాన్ని షెడ్డుకు తేలేం. ఎడమసగం పసుపు ఎనామెల్‌ను జెల్లుతో మెత్తబరిచి తడిగానే గీకాం, ఒక్క రేణువు ఎగరకుండా. కుడిసగానికి రెక్కకు చేసిన వైద్యమే అక్కడే చేశాం. ద్వారబంధం నిలువు కమ్మి గడపలో దిగే మూల ఒకటి ఉంది. దాని లోపలికి ఏదీ అందదని ముందే చెప్పాను. మళ్ళీ పెయింటు వద్దన్న మాటకు ఇంట్లో అందరూ మామ్మగారి వైపు చూశారు. ఆవిడ తేలిగ్గా ఒప్పుకున్నారు. "మా అత్తగారు పెయింటు ఎరగదు నాయనా. రోజూ తెల్లారి పసుపే రాసేది. నాకు మోకాళ్ళ నొప్పి వచ్చాక వీళ్ళ నాన్న డబ్బా తెచ్చారు." ఇప్పుడు ఆ పని కోడలు చేస్తుంది. నూనె తాగిన గడప మీద పసుపు పైపైనే నిలుస్తుంది, మర్నాడు తడిగుడ్డకు వచ్చేస్తుంది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు తాంబూలానికి పిలిచారు. నేను వెళ్ళింది తాంబూలానికే కాదు. ముందు రెండు రోజులు గట్టి వాన పడింది, తలుపు ఆ తడికి ఏమంటుందో చూడాలి. రెక్కలు రెండూ బొబ్బ లేకుండా ఉన్నాయి. పాప రక్త పరీక్షలో భయపడాల్సినంత ఏమీ రాలేదని, ఆరు నెలలకు మళ్ళీ చేయించమన్నారని చెప్పారు. గడప ఈ చివరినుంచి ఆ చివరిదాకా పచ్చగా మెరుస్తోంది. కుడి మూల, నిలువు కమ్మి దిగే చోట మాత్రం, గోరు వెడల్పున ఎర్రగీత.

నేను వంగి దాన్ని చూస్తుంటే మామ్మగారు వెనకనుంచి నవ్వారు. "అది ఉండనీలే నాయనా. ఆ ఒక్కచోట మా కోడలికి బొట్టు పెట్టే పని తప్పింది."

కార్తీకం వెళ్ళాక గుడ్డ తీసుకుని మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను.